గేటుకు లైసెన్సు ఉంది, మంచానికి లేదు

అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డును పెట్టే ఏజెన్సీకి 2005 నాటి చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. గార్డు పూర్వాపరాలు విచారించాలి. నిబంధనల ప్రకారం తరగతిలో 100 గంటలు, బయట 60 గంటలు శిక్షణ ఇప్పించాలి. అదే అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో పక్షవాతంతో మంచాన పడ్డ పెద్దాయనకు ముక్కు గొట్టం ద్వారా జావ పోసే మనిషిని పంపడానికి మాత్రం అలాంటి ప్రత్యేక లైసెన్సు ఏదీ అడిగేవారు లేరు. గార్డుల శిక్షణ అంతటా సజావుగా సాగుతోందని మేం అనడం లేదు. నిలదీసి అడగడానికి అక్కడ కనీసం ఒక నిబంధన ఉంది.

పక్షవాతమో తుంటి ఎముక విరగడమో జరిగిన వృద్ధులను కార్పొరేట్ ఆస్పత్రులు త్వరగానే ఇంటికి పంపేస్తున్నాయి. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటారు. ఇంటికి అటెండెంట్లను పంపే ఏజెన్సీకి ఫోన్ చేస్తే సాయంత్రానికి మనిషి వస్తుంది. ఆమె జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివిన నర్సా, ఏఎన్‌ఎమ్మా (సహాయక నర్సా), స్కిల్ ఇండియా కింద హోమ్ హెల్త్ ఎయిడ్ కోర్సు చేసిందా, లేక నిన్నటిదాకా ఇంకో ఇంట్లో వంట చేసిందా అన్నది చాలా కుటుంబాలకు తెలియదు. అందరినీ ‘సిస్టర్’ అనే పిలుస్తారు. ఇంజెక్షన్ ఇచ్చేవారికి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. స్నానం, డైపర్, తినిపించడం, నడిపించడం అటెండెంట్ పనులు. ఈ రెంటి మధ్య గీత చెరిగిపోతున్న చోటే ప్రమాదం ఉంది.

ఇన్సులిన్ సంగతే చూడండి. మన మందుల షాపుల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్ల వయల్స్ (మందు సీసాలు), 100 యూనిట్ల వయల్స్ రెండూ దొరుకుతాయి. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండోదానికి నారింజ మూత సిరంజి వాడాలి. 100 యూనిట్ల వయల్ నుంచి ఎర్ర మూత సిరంజితో ‘20’ గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్లేది 20 కాదు, 50 యూనిట్లు. రాత్రిపూట షుగర్ పడిపోయి చెమటలు పట్టి మనిషి పలకకపోతే, మాత్రల మత్తులో నిద్రపోతున్నారని ఊరుకుంటారు. సూది గుచ్చడం ఒక పూటలో నేర్చుకోవచ్చు. వయల్ మీది అంకెను సిరంజి రంగుతో సరిచూసుకోవడం మాత్రం ఎవరో ఒకరు పనిగట్టుకుని నేర్పాలి.

రైల్స్ ట్యూబ్, అంటే ముక్కు ద్వారా పొట్టలోకి వేసే గొట్టం కూడా అంతే. సిరంజితో గాలి ఊది పొట్ట మీద గుడగుడ వినడం నమ్మదగ్గ పరీక్ష కాదు. గొట్టం ఊపిరితిత్తుల్లోకి దిగినా ఆ చప్పుడు వినిపించవచ్చు. ముక్కు దగ్గర గొట్టం మీద పెట్టిన గుర్తు జరగలేదని చూడాలి. సిరంజితో కాస్త ద్రవం వెనక్కి లాగి ఆమ్లత్వాన్ని చూపే పీహెచ్ పట్టీతో చూస్తే 5.5 లేదా అంతకన్నా తక్కువ రావాలి. తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి, తినిపించాక అరగంట నుంచి గంట దాకా అలాగే ఉంచాలి. ఆహారాన్ని సిరంజి పిస్టన్‌తో తోయకూడదు, దానంతట అది దిగాలి. ముందూ వెనకా 30 మిల్లీలీటర్ల చొప్పున నీళ్లు పోయాలి. ఎస్‌ఆర్, ఎక్స్‌ఎల్ అని రాసి ఉన్న మాత్రలను నూరితే రోజంతా మెల్లగా పని చేయాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లో కలుస్తుంది. దగ్గు, ఆయాసం మొదలైతే అక్కడితో ఆపేయాలి. ఊడిన గొట్టాన్ని తిరిగి వేయడం అటెండెంట్ పని కానే కాదు.

గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసి అందించే యంత్రం, ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ ఉన్న గదిలో దీపం, అగరబత్తీ వెలిగించకూడదు. దేవుడి పటాలు ఆ గదిలోనే ఉంటే వాటిని ముందే వేరే చోటికి మార్చాలి. ఈ మాట చెప్పేవారు కూడా ఉండటం లేదు.

పడక పుండ్లది మరీ మొండి సమస్య. మంచాన ఉన్న మనిషిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. నడుము కింది ఎముక, తుంటి, మడమలు, తల వెనక భాగం రోజూ చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కినా రంగు మారకపోతే పుండు మొదలైనట్టే. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా కనిపించదు కాబట్టి ఆ చోటు వేడిగా, గట్టిగా ఉందేమో తడిమి చూడాలి. అక్కడ స్పిరిట్ రుద్దడం, మసాజ్ చేయడం, రింగు దిండు పెట్టడం అన్నీ చెరుపే. ఎయిర్ బెడ్ కొన్నాం కదా అని తిప్పడం మానేస్తారు. దాని ఒత్తిడిని రోగి బరువును బట్టి సరిచేయాలి, గొట్టం మడత పడకూడదు, కరెంటు పోతే గాలి దిగిపోతుంది. ఇవన్నీ సరిగా ఉన్నా మనిషిని తిప్పక తప్పదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ‘24 గంటల డ్యూటీ’ పేరుతో వచ్చిన ఒక్క మనిషి పగలంతా పని చేసి, రాత్రి పది, పన్నెండు, రెండు, నాలుగు గంటలకు లేచి రోగిని తిప్పగలదా? ఒక రాత్రి తిప్పుతుంది, రెండు రాత్రులు తిప్పుతుంది. మూడో రాత్రి నిద్ర ముంచుకొస్తుంది. పుండు లేచాక ఏజెన్సీ ఆమెను మార్చేస్తుంది. కొత్తగా వచ్చినామెకు పాత విషయాలేవీ తెలియవు. దీన్ని అటెండెంట్ నిర్లక్ష్యంగా జమకట్టడం అన్యాయం. ఏజెన్సీలు అమ్ముతున్న, కుటుంబాలు బేరమాడి కొంటున్న డ్యూటీలోనే లోపం ఉంది. రాత్రి తిప్పాల్సిన రోగికి ఇద్దరు మనుషులు, 12 గంటల షిఫ్టులు తప్పనిసరి చేయాలి. ఖర్చు పెరుగుతుంది, నిజమే. ముదిరిన పుండుకు శస్త్రచికిత్స చేయించాల్సి వస్తే అయ్యే ఖర్చు ముందు అది తక్కువే.

ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం ఉంది. తెలంగాణలో కేంద్రం 2010లో తెచ్చిన క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం అమల్లో ఉంది. రెండింటి చూపూ ఆస్పత్రులు, క్లినిక్‌లు, ల్యాబుల మీదే. వయోవృద్ధుల సంక్షేమ చట్టాన్ని సవరిస్తూ 2019 డిసెంబరులో లోక్‌సభ ముందుకొచ్చిన బిల్లు, ఇంటి వద్ద సేవలందించే ఏజెన్సీలు నమోదు చేసుకోవాలని చెప్పింది. పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని పరిశీలించి నివేదిక కూడా ఇచ్చింది. 2024లో ఆ లోక్‌సభతో పాటే బిల్లూ మురిగిపోయింది. ప్రజారోగ్యం రాష్ట్రాల జాబితాలోని అంశమే కనుక ఢిల్లీ కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. ఏజెన్సీకి లైసెన్సు, సిబ్బందికి పోలీసు పరిశీలన, శిక్షణ గంటలు, ఏ అర్హత ఉన్నవారు ఏ పని చేయవచ్చో చెప్పే పట్టిక, నెలకోసారైనా రిజిస్టర్డ్ నర్సు ఇంటికి వచ్చి చూడటం... రెండు రాష్ట్రాలూ ఈమాత్రం రాసుకోవచ్చు. కేరళ 2008లోనే పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే సంరక్షణ) విధానం తెచ్చింది. అక్కడ స్థానిక సంస్థల అండతో నర్సులు ఇళ్లకు వెళ్తున్నారు. ఇంటి సంరక్షణపై ప్రభుత్వ నిఘా అసాధ్యమనే వాదన ఆ అనుభవం ముందు నిలవదు.

కుటుంబం చెల్లించే సొమ్ములో ఏజెన్సీ ఎంత ఉంచుకుంటోంది, అటెండెంట్‌కు ఎంత ముడుతోంది అన్నది ఒప్పంద పత్రంలో కనిపించాలి. ఆమె పని చేసే ఇల్లు కూడా 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద పనిచోటే. ఫిర్యాదు చేయడానికి జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుందని ఆమెకు చేరేటప్పుడే చెప్పాల్సింది ఏజెన్సీ.

చట్టం వచ్చేలోగా కుటుంబాలు చేయగలిగినవీ ఉన్నాయి. మనిషిని లోపలికి రానిచ్చే ముందు ఆధార్, అర్హత పత్రం, నర్సు అయితే కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు చూడాలి. డిశ్చార్జి రోజునే ఆస్పత్రి నర్సుతో ట్యూబ్, ఇన్సులిన్, తిప్పడం చేయించి చూపించుకోవాలి, అటెండెంట్ చేత ఒకసారి చేయించాలి. మంచం పక్కన ఒక నోట్‌బుక్ పెట్టి తిప్పిన టైము, పోసిన ఆహారం, షుగర్, మూత్రం ఎంత వచ్చిందో రాయించాలి. అమెరికాలో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో ‘నాన్న ఎలా ఉన్నారు’ అని అడిగాక, ఆ పేజీ కూడా చూపించమనాలి. పెద్దలను నిర్లక్ష్యం చేస్తున్నారన్న అనుమానం వస్తే 14567కు ఫోన్ చేయవచ్చు. అది వయోవృద్ధుల ఉచిత హెల్ప్‌లైన్.