క్యాంపుకి దొరకని షుగరు

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మన సంఘాలు కోనసీమలో షుగరు క్యాంపులు పెడుతుంటాయి. యాభై దాటినవాళ్లు వరసకట్టి వేలు చాపుతారు. మంచిదే. వాళ్లకొచ్చే టైప్ 2 షుగరు ఏళ్ల తరబడి ఉంటుంది కాబట్టి ఏ రోజు చూసినా బయటపడుతుంది. పిల్లల్లో ఎక్కువగా కనిపించే టైప్ 1 అలా కాదు. లోపల ఎప్పుడు మొదలైనా, పైకి తేలేది కొద్ది వారాల్లోనే. భోగినాడు నార్మల్ వచ్చిన పిల్లాడు శివరాత్రికి ఐసీయూలో ఉండొచ్చు.

పూతరేకులు, కాజాలు తిని తెచ్చుకున్నాడని ఊళ్లో అనేస్తారు. "ఏం పెట్టి పెంచావమ్మా?" అని తల్లినే నిలదీస్తారు. నిజానికి ఒంటికి కాపలా కాయాల్సిన రోగనిరోధక వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను చంపేస్తే వచ్చే జబ్బు ఇది. కొన్ని జన్యువులున్నవాళ్లకి ముప్పు ఎక్కువ, వైరస్‌ల మీదా అనుమానాలున్నాయి. అయినా ఈ పిల్లల్లో ఎక్కువమంది ఇళ్లలో అంతకుముందు ఎవరికీ ఈ జబ్బు ఉండదు.

చెంబులకొద్దీ నీళ్లు తాగడం, మాటిమాటికీ బాత్రూముకి పరిగెత్తడం, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, బాగా తింటున్నా లాగు వదులైపోవడం. మే నెల రాజోలులో దాహం వెయ్యనిదెవరికి? ఎండ అనుకుంటారు. తర్వాత వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, నోట్లోంచి మగ్గిన పండు వాసన. రక్తం ఆమ్లంగా మారిపోతోందన్నమాట. అప్పుడు నీరసమని గ్లూకోజు సీసా ఎక్కిస్తే అగ్గికి ఆజ్యమే. సీసా పెట్టేముందు వేలి మీద ఒక్క చుక్క చూడాలి. ఈ లక్షణాలతో షుగరు 200 దాటితే పొద్దున్నే పరగడుపున చూద్దామని ఆగకుండా, ఆ పూటే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇటలీలోని పార్మా ప్రాంతంలో 1991లో బళ్లలో, పిల్లల డాక్టర్ల దగ్గర ఈ లక్షణాల పోస్టర్లు పెట్టారు. అంతకుముందు కొత్తగా జబ్బు బయటపడిన పిల్లల్లో 78 శాతం రక్తం ఆమ్లంగా మారిన ఆ ప్రమాద దశలోనే ఆస్పత్రికి చేరేవారు. తర్వాతి ఏళ్లలో అది 12.5 శాతానికి దిగింది. ఖర్చు చూస్తే పోస్టర్లూ, డాక్టర్లకిచ్చిన షుగరు మీటర్ల పాటిది. మనం టెంటుకీ ఫ్లెక్సీలకీ ఎంతో తగలేస్తున్నాం.

అందుకే క్యాంపు డబ్బుల్లో సగం ఇటు మళ్లించాలంటాను. ప్రతి బడిలో తెలుగు పోస్టరు, ఊళ్లోని ప్రతి ఆర్‌ఎంపీ దగ్గరా ఆశా కార్యకర్త దగ్గరా గ్లూకోమీటరు. ఫొటోకి ఏమీ ఉండదు, నిజమే. మీటరు ఇచ్చి చేతులు దులుపుకున్నా కుదరదు. స్ట్రిప్పులు అయిపోతాయి, గడువు దాటిపోతాయి. వాటిని ఏడాది పొడుగునా అందించే మనిషి ఆ ఊళ్లోనే ఉండాలి, అతని జీతం మనమే ఇవ్వాలి.