వాసాలు లెక్కపెట్టిన ఫాదర్లు

పోపు మళ్లీ క్షమాపణ చెప్పారా, ఎంత గట్టిగా చెప్పారు, చెబుతూ కళ్లు తుడుచుకున్నారా లేదా అనే చర్చ మీద నాకు ఆసక్తి పోయి చాలా కాలమైంది. కథోలిక చర్చిలో ఫాదర్లు పిల్లలపై చేసిన లైంగిక దాడులు, వాటిని పైవాళ్లు కప్పిపుచ్చిన తీరు గురించి మాట్లాడుతున్నాను. 2002లో అమెరికాలోని బోస్టన్ బయటపడింది. తర్వాత ఐర్లండ్, జర్మనీ, చిలీ, పెన్సిల్వేనియా, ఫ్రాన్స్, పోర్చుగల్. ప్రతిచోటా ఒక నివేదిక, గుండె గుభేలుమనే ఒక అంకె, ఆ వెంటనే ఒక క్షమాపణ. పెన్సిల్వేనియాలో 301 మంది ఫాదర్లు, వెయ్యికి పైగా పిల్లలు. ఫ్రాన్స్‌లో 1950 నుంచి 2,16,000 మంది బాధితులని అంచనా. ఇవన్నీ పాఠకులకు తెలిసినవే. నేను అడిగేది వేరు. తోటి ఫాదర్ ఏం చేస్తున్నాడో తెలిసిన ఫాదర్లు ఏం చేశారు? నోరు విప్పినవాళ్లు ఏమయ్యారు?

1984 డిసెంబరులో బోస్టన్ సహాయ బిషప్ జాన్ డార్సీ తన పైఅధికారి, ఆర్చిబిషప్ బెర్నార్డ్ లాకు ఒక ఉత్తరం రాశారు. జాన్ గేగన్ అనే ఫాదర్‌ను వెస్టన్‌లోని సెయింట్ జూలియా చర్చికి వేయడం సరైన పనేనా, మగపిల్లల విషయంలో అతని పాత చరిత్ర తెలుసు కదా అన్నది దాని సారాంశం. కొన్ని నెలలకే డార్సీని ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్‌కు బిషప్‌గా పంపారు. పైకి అది పదోన్నతే. గేగన్ మాత్రం మధ్యలో కొన్నాళ్ల సెలవు తప్ప 1993 దాకా సెయింట్ జూలియాలోనే ఉన్నాడు. చివరికి అతని మీద ఫిర్యాదు చేసినవారు 130 మందికి పైగా తేలారు.

తెలుగు కథోలికులు పారిష్‌ను 'విచారణ' అంటారు. గేగన్‌ను ముప్పై ఏళ్లలో అరడజను విచారణలు తిప్పారు. జరగాల్సిన విచారణ ఒక్కటే జరగలేదు.

ఈ సంక్షోభం గురించి రాసేవాళ్లంతా బదిలీని నేరస్తుల్ని దాచిన పద్ధతిగానే చెబుతారు. అది సగం కథ. ఏ కలంతో గేగన్‌ను కొత్త చోటుకు పంపారో, ఎదురు చెప్పినవాళ్లను కూడా అదే కలంతో పంపవచ్చు. ఒకరికి అది రక్షణ, ఇంకొకరికి శిక్ష. రెండు ఆర్డర్లూ ఒకే టేబుల్ మీద టైపవుతాయి, రెండింటిలోనూ భాష ఒకటే, కారణం రెండింటిలోనూ ఉండదు. నా దృష్టిలో సమస్య మొత్తం ఈ టేబుల్ దగ్గరే ఉంది. బ్రహ్మచర్యం, సెమినరీ (ఫాదర్ల శిక్షణాలయం) చదువు, అరవైల నాటి విచ్చలవిడితనం లాంటి చర్చలకు నేను రెండో స్థానమే ఇస్తాను.

గురుపట్టాభిషేకం చూసినవారికి ఆ దృశ్యం గుర్తుండే ఉంటుంది. పట్టం పొందబోయే యువకుడు మోకాళ్ల మీద నిలబడి, జోడించిన చేతులను బిషప్ రెండు చేతుల మధ్య పెడతాడు. నాకూ, నా తర్వాత వచ్చేవారికీ గౌరవం, విధేయత చూపుతానని మాట ఇస్తావా అని బిషప్ అడుగుతారు. ఇస్తానంటాడు. అందమైన ఘట్టమే, కాదనను. కానీ ఆ క్షణం నుంచి అతను ఉండే ఇల్లు, నెల భత్యం, ముసలితనంలో మందులు, పూజ చేసే అనుమతి అన్నీ ఆ చేతుల్లోనే ఉంటాయి. యాభై ఏళ్ల ఫాదర్‌కు సొంత ఇల్లుండదు, వేరే ఉద్యోగానికి పనికొచ్చే అనుభవం ఉండదు. అలాంటి మనిషిని పట్టుకుని ధైర్యంగా మాట్లాడలేదేం అని గద్దించడం మనకు తేలికే.

మాట్లాడినవాళ్లూ ఉన్నారు. ఫాదర్ థామస్ డాయిల్ వాషింగ్టన్‌లోని వాటికన్ రాయబార కార్యాలయంలో న్యాయ నిపుణుడు. మంచి భవిష్యత్తు ఉన్న కుర్చీ. 1985లో, లూసియానాలో పిల్లలపై లైంగిక దాడులు చేసిన ఫాదర్ గిల్బర్ట్ గోత్ కేసు నడుస్తున్నప్పుడు, మరో ఫాదర్‌తో, గోత్ తరఫు లాయర్‌తో కలిసి అమెరికా బిషప్పుల కోసం ఒక నివేదిక తయారుచేశారు. ఇప్పుడే సర్దుకోకపోతే పదేళ్లలో వంద కోట్ల డాలర్లు చెల్లించాల్సి వస్తుందని హెచ్చరించారు. బిషప్పుల సదస్సు దాన్ని పక్కన పెట్టింది. రాయబార కార్యాలయంలో డాయిల్ కొలువు ముగిసింది. ఆయన వైమానిక దళంలో చాప్లిన్‌గా, అంటే సైనికుల మతగురువుగా చేరి, కోర్టుల్లో బాధితుల పక్షాన సాక్ష్యం చెబుతూ పోయారు. 2003లో ఆ చాప్లిన్ అనుమతి కూడా తీసేశారు. రోజువారీ పూజ విషయంలో అభిప్రాయభేదమట. ఇక ఆయన వేసిన లెక్కంటారా, ఒక్క లాస్ ఏంజెలెస్ ఆర్చిడయోసిస్ 2007లో 66 కోట్లు, 2024లో 88 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది. అది ఒక్క నగరం సంగతి.

అవతలి వాదన తేలికగా కొట్టిపారేసేది కాదు. 1950-2002 మధ్య ఆరోపణలు వచ్చిన అమెరికా ఫాదర్లు 4,392 మంది అని జాన్ జే కాలేజీ అధ్యయనం లెక్కతేల్చింది, అంటే దాదాపు నాలుగు శాతం. ఎక్కువ ఘటనలు 1985కు ముందువి. 2002లో అమెరికా బిషప్పులు పిల్లల రక్షణ కోసం చేసుకున్న డాలస్ ఒడంబడిక తర్వాత ఆరోపణ వచ్చిన వెంటనే ఫాదర్‌ను పక్కన పెడుతున్నారు, కొత్త కేసులు బాగా తగ్గాయి. మిగతా 96 శాతం మందిని ఇంకా ఎందుకు వేధిస్తారు అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ 96 శాతం ఏమంటున్నారో కూడా వినాలి కదా.

అమెరికా కథోలిక విశ్వవిద్యాలయం 2022లో 3,500 మందికి పైగా ఫాదర్లను అడిగింది. మొత్తంగా బిషప్పుల మీద నమ్మకం ఉందన్నవాళ్లు 24 శాతం. సొంత బిషప్‌ను నమ్ముతామన్న మేత్రాసన (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) ఫాదర్లు సగం లోపే. తప్పుడు ఆరోపణలో ఇరుక్కుంటామేమోనన్న టెన్షన్ 82 శాతం మందికి. ఒకప్పుడు నేరం చేసినవాణ్ని కూడా కాపాడిన బిషప్, ఇప్పుడు నేరం చేయనివాణ్ని కూడా వదిలేస్తాడని వీళ్ల భయం. రెండు కాలాల్లోనూ అడిగే దిక్కు లేని అధికారం ఒకటే అని వీళ్లకు అర్థమైంది. డాలస్ ఒడంబడిక ఫాదర్లకూ, వాళ్ల కన్నా కింది హోదా అయిన డీకన్లకూ వర్తించింది, బిషప్పులకు కాదు. ఆ సమావేశంలో కెమెరాల ముందు బాగా కనిపించిన పెద్దల్లో కార్డినల్ (పోపు తర్వాతి హోదా) థియోడర్ మెకారిక్ ఒకరు. పిల్లల మీద, పెద్దల మీద చేసిన లైంగిక నేరాలకు 2019లో ఫాదర్ హోదా నుంచే తొలగించింది ఆయన్నే.

ఇప్పుడు బెర్లిన్‌కు వద్దాం. 2010 జనవరిలో కనీసియస్ కాలేజీ అనే హైస్కూలు అధిపతి, జెస్విట్ ఫాదర్ క్లౌస్ మెర్టెస్ దగ్గరికి కొందరు పూర్వ విద్యార్థులు వచ్చి, డెబ్బైలూ ఎనభైలలో తమకు జరిగింది చెప్పారు. ఆయన కమిటీ వేయలేదు. ఆ సంవత్సరాల్లో చదివిన సుమారు 600 మందికి ఉత్తరం రాశారు. జరిగినదానికి సిగ్గుపడుతున్నానన్నారు, మీకూ జరిగి ఉంటే చెప్పండన్నారు. ఉత్తరం పత్రికలకెక్కింది. వారాల్లోనే జర్మనీ అంతటా వందల మంది నోళ్లు విప్పారు. సొంత గూటిని మురికి చేసుకున్న పక్షి అని ఆయన్ని తిట్టారు. మన దగ్గరైతే తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడనేవాళ్లు.

ఈ సామెతను మనం ఎప్పుడూ ఇంటి యజమాని వైపు నుంచే వాడతాం. కింద పిల్లలు పడుకున్న ఇంటికి చెద పట్టిందని అనుమానం వస్తే వాసాలు లెక్కపెట్టక ఏం చేయాలి? ఆ ఇంట్లో తినేవాడికి కాక ఎవరికి కనిపిస్తాయవి?

ఇంకో ఫాదర్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆయన పట్టుకున్నది ఉత్తరాన్ని కాదు, కానుకల సంచిని. మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ మేత్రాసనం, పిల్లలపై దాడి కేసులో 1992లో నేరం ఒప్పుకున్న ఒక ఫాదర్‌కు పదేళ్ల తర్వాత కూడా నెలనెలా డబ్బులిస్తూ వచ్చింది. అక్కడి విచారణ గురువు జేమ్స్ స్కేహిల్, ఆ చెల్లింపు ఆపేదాకా మా ఆదివారం కానుకల్లోంచి మేత్రాసనానికి వెళ్లే ఆరు శాతం పంపం అన్నారు. విశ్వాసులు ఆయన వెనక నిలబడ్డారు. 2004లో ఆ మేత్రాసన బిషప్ మీదే అలాంటి ఆరోపణలు వచ్చి పదవి వదిలారు. ఎన్ని ప్రార్థనా దినాలు ఒక పక్క పెట్టినా, ఆ ఆరు శాతానికి నేను ఎక్కువ మార్కులేస్తాను.

బోస్టన్‌లోనూ అంతే. 2002 డిసెంబరు 9న 58 మంది ఫాదర్లు, మీరు ఇక మా కాపరిగా ఉండలేరని కార్డినల్ లాకు సంతకాలు పెట్టి ఇచ్చారు. నాలుగు రోజుల్లో ఆయన రాజీనామా ఆమోదం పొందింది. వందలాది ఫాదర్లున్న చోట 58 సంతకాలంటే తక్కువే, అయినా సరిపోయాయి. లాకు మాత్రం చివరికి దక్కింది మళ్లీ బదిలీయే. 2004లో రోమ్‌లోని సాంతా మరియా మజ్జోరె బసిలికాకు అధిపతిగా వెళ్లారు. మరుసటి ఏడు జాన్ పాల్ II సంతాప పూజల్లో ఒకదాన్ని నడిపించారు.

నిజానికి ఇది చర్చికి మాత్రమే పట్టిన జబ్బు కాదు. పోస్టింగ్ ఇచ్చేవాడే ఫిర్యాదు తీసుకునేవాడైన ఏ పోలీసు శాఖలోనైనా, ఏ విశ్వవిద్యాలయంలోనైనా, ఏ సైన్యంలోనైనా ఇదే నడుస్తుంది. పేరు లేకుండా రాస్తే ఆకాశరామన్న ఉత్తరమని బుట్టలో వేస్తారు. పేరు పెట్టి రాస్తే ఉత్తరం అలాగే ఉంటుంది, రాసినవాడి మీద ఫైలు తెరుస్తారు. మెకారిక్ మీద 1992-93లో ఆకాశరామన్న ఉత్తరాలు వచ్చాయి, ఎవరూ లెక్కచేయలేదు. పోపు ఫ్రాన్సిస్ 2019లో తెచ్చిన నిబంధనల్లో ఫిర్యాదుదారుపై కక్షసాధింపు కూడదని రాసి ఉంది. మంచిదే. కానీ ఫాదర్లకు బదిలీ అంటే మామూలు వ్యవహారం, అందులో కక్ష ఎంతో ఎవరు తూకం వేస్తారు? ఫిర్యాదు చేసిన ఫాదర్ ఇల్లు, భత్యం, పోస్టింగ్‌ను కొన్నేళ్లపాటు బిషప్ చేతుల్లోంచి తీసి, చర్చి బయటివాళ్లున్న బోర్డుకు అప్పగించనంత కాలం ఆ వాక్యం కాగితం మీద ఉంటుంది, అంతే.

ఫాదర్ బోనిఫేస్ రామ్సే న్యూజెర్సీ సెమినరీలో పాఠాలు చెప్పేవారు. అప్పటి ఆర్చిబిషప్ మెకారిక్ గురువిద్యార్థులను సముద్రతీరంలోని ఇంటికి తీసుకెళ్లి తన మంచం మీద పడుకోబెట్టుకునేవారని విని, 2000 నవంబరులో వాటికన్ రాయబారికి సంతకం పెట్టి ఉత్తరం రాశారు. మూడు నెలలకు మెకారిక్ కార్డినల్ అయ్యారు. రామ్సేకు వాటికన్ నుంచి జవాబు వచ్చింది 2006లో. అదీ ఆ సెమినరీకి చెందిన వేరే ఫాదర్‌ను రోమ్‌లో ఒక ఉద్యోగానికి తీసుకోవచ్చా అని ఆరా తీస్తూ. 2000లో మీరు మా దృష్టికి తెచ్చిన తీవ్రమైన విషయాలు అంటూ దారిలో ఒక ముక్క ఉంది. తన ఉత్తరం అందిందనడానికి రామ్సే దగ్గర మిగిలిన రుజువు ఆ ఒక్క ముక్కే.