కళ్ళు బాగానే ఉన్నాయి, అరిగేవి మోకాళ్ళే

2009 మే 17, ఆదివారం. భూమికి దాదాపు 560 కిలోమీటర్ల పైన, గంటకు 28 వేల కిలోమీటర్ల వేగంతో పోతున్న హబుల్ టెలిస్కోపు దగ్గర వ్యోమగామి మైక్ మాసిమినో ఒక బోల్టుతో తంటాలు పడుతున్నాడు. టెలిస్కోపు లోపల స్టిస్ అనే పరికరం 2004లోనే మూలపడింది. దాన్ని బాగుచేయాలంటే మూత మీదున్న 111 బుల్లి స్క్రూలు విప్పాలి. వాటిలో ఒక్కటి జారి లోపల పడినా కొంప మునిగినట్టే. అందుకే విప్పిన స్క్రూ ఎటూ పోకుండా పట్టి ఉంచే పలకను ప్రత్యేకంగా తయారుచేశారు. నీళ్ళ తొట్టిలో మునిగి సాధన చేశారు. తీరా పైకి వెళ్ళాక, ఆ 111 స్క్రూల జోలికి పోకముందే, అడ్డంగా ఉన్న చేతిపట్టు కడ్డీ దగ్గర పని ఆగిపోయింది. కడ్డీని బిగించిన బోల్టుల్లో ఒకటి రానంటే రానంది. తిప్పేకొద్దీ దాని తల అరిగిపోయింది.

స్కూటర్ మెకానిక్ దగ్గర ఓ గంట నిలబడ్డవాళ్ళెవరికైనా ఇది తెలిసిన సీనే. కాకపోతే అక్కడ పక్క షాపు నుంచి ఉలీ సుత్తీ తెచ్చుకోవచ్చు. ఇక్కడ కింద మేరీల్యాండ్‌లోని నాసా గొడ్డార్డ్ కేంద్రంలో ఇంజినీర్లు ఆ సెలవు రోజున అలాంటి కడ్డీనే మరొకటి సంపాదించి, లాగి చూసి, సుమారు 27 కిలోల బలం పెడితే ఊడిపోతుందని తేల్చారు. ముక్కలు ఎగరకుండా టేపు చుట్టి మాసిమినో దాన్ని చేత్తోనే పీకేశాడు. ఆ తర్వాత 111 స్క్రూలూ వచ్చాయి. ఆ రోజు స్పేస్‌వాక్ 8 గంటలు దాటింది. స్టిస్‌కు మళ్ళీ ప్రాణం వచ్చింది.

హబుల్ తర్వాత అంతరిక్షంలోకి వెళ్ళిన పెద్ద టెలిస్కోపు వెబ్ కొత్త ఫొటో విడుదలైన ప్రతిసారీ నాకు ఈ కడ్డీ గుర్తొస్తుంది. ఆ రోజు సాయంత్రానికల్లా వాట్సాప్‌లో రెండు బొమ్మలు పక్కపక్కనే తిరుగుతుంటాయి. ఎడమ పక్క హబుల్, కుడి పక్క వెబ్. ఒకదాని అద్దం 2.4 మీటర్లు, రెండోదానిది 6.5 మీటర్లు. పాత టీవీ పోయింది, కొత్త టీవీ వచ్చింది అన్నట్టు ఉంటుంది ఆ పోలిక. అందులో మొదటి పొరపాటు తేలిగ్గానే కనబడుతుంది. అవి రెండూ చూసే వెలుగు ఒకటి కాదు. హబుల్ ప్రధానంగా మన కంటికి కనిపించే కాంతినీ, అతినీలలోహిత కిరణాలనూ చూస్తుంది. వెబ్ చూసేది పరారుణం, అంటే కంటికి కనబడని వేడి కిరణాలు. హబుల్ అద్దాన్ని ఇంచుమించు మన గది వేడిమిలోనే, 21 డిగ్రీల దగ్గర ఉంచుతారు. వెబ్ అద్దం మైనస్ 220, 230 డిగ్రీల చలిలో ఉండాలి, లేకపోతే దాని సొంత వేడే దాని కంటికి అడ్డమొస్తుంది.

రెండో పొరపాటు అంత తేలిగ్గా కనబడదు. అద్దాల కొలతలు పోల్చుకుంటూ కూర్చుంటాం గానీ, అంతరిక్షంలో టెలిస్కోపులు అద్దం పాడై చనిపోవడం చాలా అరుదు. కళ్ళు బాగానే ఉంటాయి. అరిగేవి మోకాళ్ళు.

హబుల్ సంగతే చూడండి. టెలిస్కోపు ఎంత తిరిగిందో కొలిచే గైరోస్కోపులు అందులో ఆరు ఉంటాయి. ఒక్కో గైరోలో ఒక చక్రం నిమిషానికి 19,200 సార్లు తిరుగుతుంది. అది చిక్కటి ద్రవంలో తేలుతూ ఉంటుంది. దానికి కరెంటు తీసుకెళ్ళే తీగలు తలవెంట్రుక మందాన ఉంటాయి. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ద్రవమే తీగల్ని తినేస్తుంది. 1999 నవంబరులో ఆరింటిలో నాలుగోది కూడా ఆగిపోయి, మనుషులు వెళ్ళేదాకా హబుల్ కళ్ళు మూసుకుని కూర్చుంది. 2009లో ఆరింటినీ మార్చి వచ్చారు. ఇప్పుడవీ అయిపోవచ్చాయి. 2024 జూన్ నుంచి ఒక్క గైరోతో నెట్టుకొస్తూ, ఇంకొకదాన్ని అవసరానికి దాచి ఉంచారు. దీనివల్ల పనిలో సుమారు 12 శాతం తగ్గింది. అంగారకుడి కంటే దగ్గరగా కదిలే వస్తువులను వెంబడించడం ఇక దానికి కుదరదు. అద్దానికి మాత్రం ఏమీ కాలేదు.

నిజమే, హబుల్‌కు పుట్టుకతోనే కంటి జబ్బు ఉంది. అద్దం అంచు 2.2 మైక్రాన్లు ఎక్కువ అరగదీశారు, అంటే వెంట్రుక మందంలో యాభయ్యో వంతు. సాన పట్టేటప్పుడు ఆకారాన్ని సరిచూసే పరికరంలో ఒక కటకం ఉండాల్సిన చోటు నుంచి 1.3 మిల్లీమీటర్లు జరిగి ఉండటమే కారణం. అంటే కొలబద్దే తప్పు. 1990 ఏప్రిల్‌లో పైకి పంపాక గానీ ఈ సంగతి బయటపడలేదు. 1993 డిసెంబరులో వెళ్ళిన వ్యోమగాములు ఆ అద్దాన్ని ముట్టుకోలేదు. దాని ముందు కళ్ళజోడు లాంటి ఏర్పాటు చేసి, కెమెరా మార్చి వచ్చారు. అప్పటినుంచి 2009 దాకా మొత్తం ఐదుసార్లు మనుషులు వెళ్ళొచ్చారు. వెళ్ళిన ప్రతిసారీ పాత పరికరాలు తీసి కొత్తవి పెట్టారు. ఇవాళ మనం చూసే హబుల్ ఫొటోలు 1990 అద్దం, 2009 కెమెరా కలిసి తీసినవి. గోడలు తాతల నాటివి, వంటగది మాత్రం కొత్తది.

ఇంత ఖర్చు అవసరమా, ఆ డబ్బుతో కొత్త టెలిస్కోపులే పంపొచ్చు కదా అన్న వాదన ఎప్పటినుంచో ఉంది. దాన్ని కొట్టిపారేయలేం. స్పేస్ షటిల్ ఒక్కసారి ఎగరాలంటే వందల కోట్ల రూపాయలు కాదు, వేల కోట్లు. పైగా ప్రాణాలతో పని. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా కూలిపోయి కల్పనా చావ్లాతో సహా ఏడుగురు చనిపోయాక, ఇక హబుల్ దగ్గరకు ఎవర్నీ పంపమని 2004 జనవరిలో నాసా అధిపతి షాన్ ఓ'కీఫ్ ప్రకటించారు. ఆయన భయంలో అర్థం లేకపోలేదు. హబుల్ దగ్గర షటిల్‌కు ఏదైనా అయితే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో తలదాచుకునే వీలు లేదు, రెండింటి కక్ష్యలు వేరు. 2006లో తర్వాతి అధిపతి మైక్ గ్రిఫిన్ నిర్ణయం మార్చారు. 2009లో అట్లాంటిస్ వెళ్తుంటే, ఆపదొస్తే వెళ్ళి తీసుకురావడానికి ఎండీవర్‌ను పక్క లాంచ్‌ప్యాడ్ మీద సిద్ధంగా నిలబెట్టారు. పైన చెప్పిన 111 స్క్రూల వెనక ఇంత బరువుంది.

ఆ లెక్కలు ఒప్పుకుంటూనే నాది ఒక మాట. 1990లో మసక ఫొటోలు చూసి దేశమంతా నవ్వుకుంటున్న సమయంలో, ఇది పాడైంది, ఇంకొకటి కట్టుకోవడానికి డబ్బివ్వండి అని అడిగితే అమెరికా కాంగ్రెస్ ఇచ్చేదా? నాకైతే నమ్మకం లేదు. వెళ్ళి బాగుచేసే వీలుంది కాబట్టే హబుల్ బతికింది. ఆ వీలు పాడయ్యాక పుట్టింది కాదు, డ్రాయింగు దశలోనే పెట్టింది. తలుపులు, చేతిపట్లు, లోపలికీ బయటికీ జరిగే పరికరాల పెట్టెలు అన్నీ అందుకోసమే. స్టిస్ లోపలి భాగాన్ని మాత్రం పైన విప్పాల్సి వస్తుందని ఎవరూ అనుకోలేదు. అందుకే అక్కడ 111 స్క్రూలు.

వెబ్‌ది పూర్తిగా ఇంకో దారి. అసలు టెలిస్కోపు ఆకారాన్ని నిర్ణయించేది శాస్త్రవేత్తలు అనుకుంటాం గానీ, సగం నిర్ణయం రాకెట్టుదే. హబుల్‌ను షటిల్ సరుకు గదిలో పట్టేలా కట్టారు. వెబ్ అద్దమేమో ఏరియన్-5 రాకెట్టు ముక్కులో పట్టదు. దాంతో అద్దాన్ని 18 పలకలుగా చేసి మడిచారు. టెన్నిస్ కోర్టంత ఎండతెరను, ఐదు పొరలూ కలిపి, చీర మడతపెట్టినట్టు సర్దారు. ఒక్కటి మొరాయించినా మొత్తం పనికిరాకుండా పోయే చోట్లు 344 ఉన్నాయని లెక్కగట్టారు. 2018లో భూమ్మీద పెద్ద శబ్దంతో పరీక్షించినప్పుడు ఎండతెర నుంచి స్క్రూలు, వాషర్లు రాలి కింద పడ్డాయి. పడాల్సిన చోటే పడ్డాయనుకోవాలి, అవే పైకి వెళ్ళాక పడితే ఏరేవాళ్ళు లేరు. 2021 డిసెంబరు 25న ఫ్రెంచ్ గయానాలోని కురూ నుంచి బయల్దేరింది మొదలు, మడతలన్నీ విచ్చుకునే దాకా రెండు వారాలు అందరికీ టెన్షనే. అది చేరాల్సిన చోటు 15 లక్షల కిలోమీటర్ల దూరం, చంద్రుడి కంటే నాలుగు రెట్లు. మాసిమినో లాంటివాళ్ళెవరూ అక్కడికి వెళ్ళరు. ఏరియన్ గురి తప్పకుండా పంపింది కాబట్టి మిగిలిన ఇంధనం 20 ఏళ్ళకు పైగా వస్తుందంటున్నారు. ఆ తర్వాత 1,000 కోట్ల డాలర్ల అద్దం మెరుస్తూనే ఉంటుంది, దాన్ని తిప్పి పట్టుకునే శక్తి ఉండదు.

మిగతా అంతరిక్ష టెలిస్కోపుల కథలూ ఇంతే. 2,600కు పైగా గ్రహాలు కనిపెట్టిన కెప్లర్‌లో నిలకడగా నిలబెట్టే నాలుగు చక్రాల్లో రెండు 2013కల్లా ఆగిపోయాయి. ఇంజినీర్లు ఎండ నెట్టే బలాన్నే మూడో చక్రంగా వాడుకుని ఇంకొన్నేళ్ళు నడిపారు. నాకు తెలిసి అంతరిక్ష చరిత్రలో ఇంతకంటే అందమైన నాటు వైద్యం లేదు. స్పిట్జర్‌కు 2009లో చల్లబరిచే హీలియం అయిపోయింది. యూక్లిడ్ కంటికి మంచు పట్టింది. 2024 మార్చిలో ఒక అద్దాన్ని కాస్త వెచ్చబెట్టి దాన్ని కరిగించారు, అదీ ఫోనులో డాక్టరు మందు చెప్పినట్టు, భూమ్మీద నుంచే. జపాన్ హితోమి కథ మాత్రం ఘోరం. 2016లో పైకి వెళ్ళి ఆరు వారాలైనా నిండకముందే, తిరగకుండానే తిరుగుతున్నానని భ్రమపడి, ఆ తిరుగుడు ఆపబోయి, గింగిరాలు కొట్టి ముక్కలైంది.

మనవైపు వస్తే, 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఆస్ట్రోశాట్ ఉంది. అతినీలలోహితాన్ని చూసే దాని జంట దుర్భిణుల అద్దాలు అడుగున్నర వెడల్పు కూడా లేవు. అద్దాల పోలికతో చూస్తే హబుల్ ముందు లెక్కలోకి రావు. కానీ ఒక్క చూపులో అవి పట్టే ఆకాశం ఇంచుమించు నిండు చందమామంత, హబుల్ ముఖ్య కెమెరా చూసేదానికి 80 రెట్లకు పైనే. 2020లో పుణేలోని అయుకా అనే ఖగోళ పరిశోధన సంస్థకు చెందిన కనక్ సాహా బృందం ఆస్ట్రోశాట్‌తో 930 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఒక గెలాక్సీ నుంచి వస్తున్న తీవ్ర అతినీలలోహిత కాంతిని పట్టుకుంది. ఆ గెలాక్సీ ఉన్నది హబుల్ గంటలకొద్దీ తదేకంగా చూసిన ఆకాశపు తునకలోనే. హబుల్‌కు దొరకనిది దీనికెలా దొరికిందంటే, దీని డిటెక్టరులో సొంత రొద చాలా తక్కువ. కచేరీలో పెద్ద మైకు కంటే గుసగుస లేని గది ముఖ్యమైనట్టు.

ఆస్ట్రోశాట్‌కూ మోకాలి నొప్పి వచ్చింది. 2018లో అతినీలలోహిత దుర్భిణిలో ఒక చానెల్ ఆగిపోయింది. ఐదేళ్ళ ఆయుష్షుతో పంపినది, ఐదేళ్ళు దాటాకా మిగతా పరికరాలతో పనిచేస్తూ వచ్చింది. ఆ చానెల్ బాగుచేయడానికి ఎవరినైనా పంపాల్సిందా? అక్కర్లేదు. సుమారు 178 కోట్ల రూపాయల ఉపగ్రహానికి మరమ్మతు యాత్ర అంటే చింతకాయలు కొయ్యడానికి క్రేను తెచ్చినట్టు. చిన్న టెలిస్కోపులను వాడి వదిలేయడంలో తప్పు లేదు.

తర్వాతిది మాత్రం అంత చిన్నది కాదు. 1 మీటరు అద్దంతో ఇన్‌సిస్ట్ అనే అతినీలలోహిత టెలిస్కోపు ప్రతిపాదన మన శాస్త్రవేత్తల దగ్గర చాన్నాళ్ళుగా ఉంది. భూమ్మీద నుంచి ఈ కాంతిని చూడలేం, ఓజోన్ పొర మింగేస్తుంది. హబుల్ పోయాక ఆ వైపు అంత తీక్షణంగా చూసే కళ్ళు అరుదే, వెబ్‌కు ఆ చూపు లేదు. ఆ ఖాళీలో మనకు చోటుంది. అయితే దాన్ని కట్టేటప్పుడే పట్టుకునే కడ్డీ ఎక్కడ, ఇంధనం పోసే మూత ఎక్కడ, గైరోల పెట్టె విడిగా ఊడుతుందా అని అడిగేవాళ్ళు గదిలో ఉండాలి. ఐదేళ్ళ కిందటైతే ఇది గొప్పలకు పోవడం అనిపించేది. 2025 జనవరి 16న ఇస్రో స్పేడెక్స్ ప్రయోగంలో రెండు ఉపగ్రహాలను అంతరిక్షంలో కలిపింది, ఆ తర్వాత ఏప్రిల్‌లో ఒకదాని నుంచి ఇంకొకదానికి కరెంటు కూడా పంపింది. కక్ష్యలో మరమ్మతుకు ఇది ఓనమాలే, కానీ ఓనమాలు దిద్దేశాం. చైనావాళ్ళు పంపబోతున్న 2 మీటర్ల షున్‌తియన్ టెలిస్కోపును తమ అంతరిక్ష కేంద్రం ఉన్న కక్ష్యలోనే తిప్పి, అవసరమైనప్పుడు కేంద్రానికి తగిలించి బాగుచేసుకోవాలని చూస్తున్నారు. ప్రయోగం వాయిదాలు పడుతున్నా, ఆలోచన మాత్రం సరైనదే.

ముందే ఏర్పాటు చేసుకోకపోతే ఏమవుతుందో స్విఫ్ట్ చూపిస్తోంది. గామా కిరణాల మెరుపులను వెంటాడే ఈ టెలిస్కోపు 2004లో వెళ్ళింది. సూర్యుడు ఉగ్రంగా ఉండటంతో పై వాతావరణం ఉబ్బి, దాన్ని కిందికి లాగేస్తోంది. పట్టుకోవడానికి దానికి ఏ కొక్కెమూ లేదు. అయినా వెళ్ళి పట్టుకుని పైకి నెట్టమని 2025 సెప్టెంబరులో నాసా ఒక చిన్న ప్రైవేటు కంపెనీకి 3 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది. బావిలో పడ్డ బిందెకు చెవులు లేకపోతే పాతాళగరిగె ఎంత తిరగాలో, దానికీ అంతే.

హబుల్‌కు ఆ చెవి ఉంది. 2009లో తిరిగొచ్చే ముందు వ్యోమగాములు దాని అడుగున ఒక గుండ్రటి ఉంగరం లాంటి చట్రం బిగించి వచ్చారు, ఎప్పటికైనా ఏ వ్యోమనౌకైనా వచ్చి పట్టుకోవడానికి. ఆ తర్వాత కోటీశ్వరుడు జారెడ్ ఐజాక్‌మన్ స్పేస్‌ఎక్స్ నౌకలో తానే వెళ్ళి హబుల్‌ను పైకి నెడతానన్నాడు. ప్రమాదం ఎక్కువని 2024లో నాసా వద్దంది. 2025 డిసెంబరులో అదే ఐజాక్‌మన్ నాసా అధిపతి అయ్యాడు. ఒకప్పుడు 610 కిలోమీటర్ల పైన తిరిగిన హబుల్ దాదాపు 100 కిలోమీటర్లు కిందికి దిగింది. 2030ల మధ్యలో రాలిపోవచ్చని అంచనా. ఆ ఉంగరాన్ని ఇంతవరకూ ఎవరూ ముట్టుకోలేదు.