డిశ్చార్జ్ సమ్మరీ గారికి ఒక కోడలి లేఖ

మహారాజశ్రీ డిశ్చార్జ్ సమ్మరీ గారికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీ భాషలో చెప్పాలంటే 'హీమోడైనమికల్లీ స్టేబుల్', అంటే బీపీ, నాడి నిలకడగా ఉన్నాయని.

మా మామగారికి పార్కిన్సన్స్, అంటే ఒళ్లు బిగుసుకుపోయి కదలికలు మందగించే మెదడు జబ్బు. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేయించి, పంపించేటప్పుడు ఆసుపత్రివాళ్లు చేతికిచ్చిన మీతోపాటు ఇంటికి తెచ్చుకున్నాం. మీ ఆరు పేజీల్లో ఆయన సోడియం, పొటాషియం ఏ రోజు ఎంతో ఉంది. మంచం మీంచి ఆయన్ని ఎలా లేపాలో మాత్రం లేదు.

ఆ జబ్బుకి వేసే లెవోడోపా మాత్ర గురించి మీరు సెలవిచ్చింది ఇంతే: '1-1-1-1', అంటే రోజుకి నాలుగుసార్లు ఒక్కొక్కటి. ఇదేమన్నా బీకాంప్లెక్సా, టిఫినయ్యాక ఒకటి, అన్నం తిన్నాక ఒకటి వేసెయ్యడానికి? ఆయన మాత్రల వేళలు ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6. అరగంట ఆలస్యమైతే కాళ్లు నేలకి అతుక్కుపోతాయి, చొక్కా గుండీ పట్టుబడదు, గుటక కూడా కష్టమే. పోనీ పప్పన్నం, పెరుగన్నం తిన్న వెంటనే వేద్దామా అంటే, ఆ మాంసకృత్తులు అడ్డుపడి మందు సరిగా పట్టదు. అరగంట ముందే వేయాలి. బ్రిటన్‌లో పార్కిన్సన్స్ యూకే అనే సంస్థ, ఆసుపత్రుల్లో ఈ మాత్రలు వేళకి ఇప్పించడానికి 'గెట్ ఇట్ ఆన్ టైమ్' అని ఏళ్ల తరబడి ప్రచారం చేస్తోంది. అంటే ఈ గొడవ మా ఒక్కరిదే కాదన్నమాట.

ఇక మీ జన్మదినం, అదే డిశ్చార్జ్ రోజు సంగతి. పొద్దున రౌండ్స్‌లో "ఇవాళ వెళ్లిపోవచ్చు" అన్నారు. ఆ క్షణం నుంచి వార్డు లెక్కలో ఆయన వెళ్లిపోయిన మనిషి, కాబట్టి మాత్ర ఇవ్వరు. బిల్లింగ్ లెక్కలో ఇంకా ఉన్న మనిషి, కాబట్టి కదలనివ్వరు. మిగిలిన మందులేమో ఫార్మసీకి రిటర్న్ పోయాయి. ఇన్సూరెన్స్ అప్రూవల్ వచ్చేలోపు మధ్యాహ్నం రెండు గంటల మాత్ర ఎగిరిపోయింది. వీల్‌చైర్ వచ్చేసరికి మామగారు కొయ్యబారి ఉన్నారు. మీలో చూస్తే 'కండిషన్ ఎట్ డిశ్చార్జ్: స్టేబుల్'. నిజమే, అంతకన్నా స్టేబుల్‌గా ఏ మనిషీ ఉండలేడు. వేలు కూడా కదల్లేదు.

నాలుగో పేజీలో ఇంకో ముచ్చట: 'వాంతులైతే మెటోక్లోప్రమైడ్'. లెవోడోపా పని, ఒళ్లు కదలడానికి కావలసిన డోపమైన్ అనే రసాయనాన్ని మెదడుకి అందించడం. మెటోక్లోప్రమైడ్ పని ఆ డోపమైన్‌ని అడ్డుకోవడం. ఒకే కాగితం మీద ఇద్దరికీ ఉద్యోగం ఇచ్చారు! మా న్యూరాలజిస్టు చూసి అడ్డంగా కొట్టేసి, ఈసీజీ తీయించాక వాంతులకి దాని బదులు డోంపెరిడోన్ అనే మందు రాశారు.

'ఫాల్ ప్రికాషన్స్ అడ్వైజ్డ్' అని కూడా రాశారు. పడకూడదని తెలియక పాపం మామగారు ఇన్నాళ్లూ పడుతున్నారు. ఈ జబ్బులో చాలామందికి సరిగ్గా గుమ్మం దగ్గరే అడుగు ఆగిపోతుంది. ఇంటికొచ్చిన ఫిజియోథెరపిస్టు గడప ముందు నేల మీద రంగు టేపు అడ్డగీతల్లా అంటించాడు. గీత కనబడితే దాన్ని దాటడానికి కాలు లేస్తోంది. ఆ టేపు ఖరీదు మిమ్మల్ని పెట్టిచ్చిన ఫైలంత కూడా ఉండదు.

ఈసారి ఎవరింటికైనా వెళ్లేటప్పుడు సోడియం ఒక రోజుది తగ్గించుకుని, చివరి మాత్ర ఎన్నింటికి వేశారో, తర్వాతది ఎన్నింటికో రాయించుకోండి.

రివ్యూకి పదింటికి రమ్మన్నారు. వస్తాం. మా వంతు ఏ ఒంటిగంటకో వస్తుంది కాబట్టి మాత్రలూ మంచినీళ్లూ మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
ఫోన్లో నాలుగు అలారాలు పెట్టుకున్న కోడలు