కోరిక తీర్చడం దండగ ఖర్చేనా?

ప్రాణం మీదకొచ్చిన జబ్బుతో ఉన్న పిల్లల కోరిక తీర్చడానికి మన సంఘం విరాళం ఇవ్వొచ్చా అని అడిగితే, ఇవ్వొచ్చనే అంటాను. అయితే అందుకు మనం మామూలుగా చెప్పుకునే కారణం నాకు చాలదు. "పాపం, ఉన్నన్నాళ్లు సంతోషంగా ఉండనీ" అంటాం. అందులో తప్పేమీ లేదు. కానీ ఒక్క రోజు సంతోషానికి వేల డాలర్లా అని ఎవరైనా నిలదీస్తే ఆ జాలి దగ్గర జవాబుండదు.

నిలదీసినవాళ్లు ఉన్నారు. 2013 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో, లుకేమియాకు (రక్త క్యాన్సర్‌కు) చికిత్స చేయించుకున్న అయిదేళ్ల బాబు, తను కోరుకున్నట్టే ఒకరోజు బ్యాట్‌మ్యాన్ పక్కన చిన్న బ్యాట్‌మ్యాన్ అయ్యాడు. వేలాది మంది రోడ్ల మీదకొచ్చి కేరింతలు కొట్టారు. అప్పటి అమెరికా అధ్యక్షుడు ఒబామా కూడా ఆ పిల్లాడికి అభినందన పంపాడు. మరుసటి నెలలోనే తత్వవేత్త పీటర్ సింగర్ వాషింగ్టన్ పోస్ట్‌లో ఒక వ్యాసం రాశాడు. ఇలా జబ్బు పిల్లల కోరికలు తీర్చే మేక్-ఎ-విష్ సంస్థకు ఒక్కో కోరికకు సగటున 7,500 డాలర్లు అవుతోంది, అదే డబ్బు మలేరియా దోమతెరలకు ఇస్తే కనీసం ఇద్దరు ముగ్గురు పిల్లలు బతుకుతారు అన్నది ఆయన వాదన. ఆ బాబు తల్లిదండ్రులనే అడగండి, బ్యాట్‌మ్యాన్ వేషమా, జబ్బు పూర్తిగా నయం కావడమా అంటే ఏది కోరుకుంటారు అని కూడా అడిగాడు.

ఆ లెక్కతో నాకు పేచీ లేదు. ఒక ప్రాణం కాపాడడానికి ఇప్పుడు వేస్తున్న అంచనాలు కూడా కొన్ని వేల డాలర్ల దగ్గరే ఉన్నాయి. కోరికలకు ఇచ్చే డబ్బు వేరే జేబులోంచి వస్తుంది, అది ఎలాగూ దోమతెరలకు వెళ్లేది కాదు అని కొందరు సర్దిచెబుతారు. నాకది ఒప్పుకోబుద్ధి కాదు. నా జేబు ఒక్కటే. ఒకదానికి ఇచ్చానంటే ఇంకోదానికి ఇవ్వలేదనే లెక్క. ఆ మాట దాటేసి ఈ దానాన్ని సమర్థిస్తే అది సమర్థన కాదు.

నేను ఒప్పుకోనిది రెండింటినీ ఒకే త్రాసులో పెట్టడాన్ని. నొప్పి తగ్గించే మార్ఫిన్ ఎన్ని ప్రాణాలు కాపాడింది అని మనం అడగం. ఆ మందు పని బాధ తగ్గించడం, ఆ పని చేసిందా లేదా అనే చూస్తాం. కోరిక తీర్చడం కూడా నా దృష్టిలో ఉపశమన చికిత్సకు, అంటే జబ్బు నయం చేయడం కన్నా బాధ తగ్గించడం మీద దృష్టి పెట్టే పాలియేటివ్ కేర్‌కు చెందిన పని. దాన్ని దోమతెరతో పోలిస్తే ఎప్పుడూ ఓడిపోతుంది. ఆ మాటకొస్తే పాలియేటివ్ కేర్ మొత్తం ఓడిపోతుంది. అలాగని దాన్ని మూసేద్దామని ఎవరూ అనరు కదా.

మరి కోరిక ఏ బాధను తగ్గిస్తుంది? జబ్బు పిల్లల దగ్గర్నుంచి లాక్కునేవాటిలో బయటికి కనిపించనిది ఒకటుంది. ఆసుపత్రిలో చేరిన రోజు నుంచి ఆ పిల్లల మాట ఎక్కడా చెల్లదు. ఎప్పుడు లేవాలి, ఏం తినకూడదు, ఎవరు ముట్టుకోవచ్చు, గదిలోకి ఎవరు రావచ్చు, అన్నీ పెద్దవాళ్లే తేలుస్తారు. వద్దని ఏడ్చినా సూది ఆగదు, ఆగకూడదు కూడా. మంచి నర్సులు ఇది గమనించే "ఏ చేతికి పెట్టమంటావు?" అని అడుగుతారు. ఆ రోజు మొత్తానికి ఆ పిల్ల సొంతంగా తేల్చుకున్నది అదొక్కటే కావచ్చు.

నాకు తెలిసిన ఒక కుటుంబంలో అమ్మాయికి చిన్నతనంలోనే పెద్ద జబ్బు చేసింది. కోరిక తెలుసుకోవడానికి ఇద్దరు వలంటీర్లు ఇంటికొచ్చారు. "నీకేం కావాలి?" అని అడగ్గానే ఆ పిల్ల వాళ్లమ్మ ముఖం చూసింది. "సముద్రమంటే ఇష్టం కదా కన్నా, చెప్పు" అంది వాళ్లమ్మ. పిల్ల తలూపింది. వచ్చినవాళ్లలో పెద్దావిడ ఆ జవాబు రాసుకోలేదు. రెండో ఆయన ఏవో కాగితాల పని ఉందని అమ్మానాన్నలను పక్క గదిలోకి తీసుకెళ్లాడు. ఆవిడ పిల్ల పక్కన నేలమీద కూర్చుని, ఆ పిల్ల బొమ్మకు రంగులు వేస్తుంటే తనూ ఓ మూల రంగు వేస్తూ చాలాసేపు ఏమీ అడగలేదు. చివరికి పిల్లే నోరు విప్పింది. తనకొక గది కావాలి. దానికి తలుపుండాలి. ఎవరొచ్చినా ముందు తలుపు కొట్టాలి, తను రమ్మన్నాకే లోపలికి రావాలి.

ఆసుపత్రిలో తలుపు కొట్టినా జవాబు కోసం ఆగేవాళ్లు తక్కువ. ఆ పిల్ల నెలల తరబడి అలాంటి గదుల్లోనే ఉంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తట్టలేదు. వాళ్లది ప్రేమ లేక కాదు. అడిగే తీరిక, ఓపిక ఆ టెన్షన్‌లో ఎవరికి ఉంటాయి? గది సిద్ధమయ్యేదాకా రంగు నమూనా కాగితాలు గోడకు అంటించి, పీకి, మళ్లీ అంటించేది. తలుపు పిడి ఎలా ఉండాలో బొమ్మ గీసి ఇచ్చింది. ఇప్పుడు చదువుకుంటోంది. వాళ్ల నాన్న ఇప్పటికీ తలుపు కొట్టి, ఆగి, అప్పుడే లోపలికి వెళ్తాడు.

ఈ దానంలో విలువైన ఖర్చు, నేలమీద కూర్చున్న ఆవిడ సమయం అని నేను నమ్ముతాను. మేక్-ఎ-విష్ పుట్టుక చూసినా అంతే. 1980లో అరిజోనాలో లుకేమియాతో ఉన్న ఏడేళ్ల క్రిస్ పోలీసు కావాలనుకున్నాడు. ఆ రాష్ట్ర పోలీసులు హెలికాప్టర్ ఎక్కించారు, బ్యాడ్జీ ఇచ్చారు. అతని కొలతలకు యూనిఫాం కుట్టడానికి ఇద్దరు స్త్రీలు రాత్రంతా పనిచేశారు. బ్యాటరీతో నడిచే చిన్న మోటార్ సైకిల్ మీద పరీక్ష కూడా పెట్టారు, ఊరికే ఇవ్వకుండా. మే 3న క్రిస్ చనిపోయాడు. అప్పటికి సంస్థ లేదు, నిధి లేదు. ఆ పిల్లాడు చెప్పింది పెద్దవాళ్లు సీరియస్‌గా తీసుకున్నారు, అంతే.

ఫలితాలను కొలిచినవాళ్లూ ఉన్నారు. ఒహాయోలోని నేషన్‌వైడ్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, కోరిక తీరిన పిల్లల్ని అదే వయసు, అలాంటి జబ్బు ఉన్న ఇతర పిల్లలతో పోల్చారు. కోరిక తీరినవాళ్లకు ఎమర్జెన్సీకి పరుగెత్తాల్సిన అవసరం, ముందు అనుకోకుండా అడ్మిట్ కావాల్సిన అవసరం తగ్గే అవకాశం ఎక్కువని తేలింది. ఇజ్రాయెల్‌లో జరిపి 2016లో వెలువరించిన మరో అధ్యయనం కోరిక తీరిన పిల్లల్ని, ఇంకా వరుసలో ఉన్నవాళ్లను పక్కపక్కన పెట్టి చూసింది. తీరినవాళ్లలో ఆశ పెరిగింది, ఆందోళన తగ్గింది. మొదటి అధ్యయనం పాత రికార్డుల మీద ఆధారపడింది కాబట్టి కోరిక వల్లే ఆసుపత్రి ఖర్చు తగ్గిందని నేను బల్లగుద్ది చెప్పను. ఈ వాదనకు ఆ ఆదా అవసరం కూడా లేదు.

ఇంకో అపోహ ఉంది. కోరిక అడగడానికి మనుషులొచ్చారంటే ఇక ఆఖరి రోజులే అని చాలామంది తల్లిదండ్రులు దడుచుకుంటారు, ఆ భయంతోనే వద్దంటారు. నిజానికి మేక్-ఎ-విష్ ప్రాణాపాయం ఉన్న జబ్బుల పిల్లలందరికీ చేస్తుంది, అర్హత ఉందో లేదో చికిత్స చేసే డాక్టరు తేలుస్తారు. చాలామంది బతికి పెద్దవాళ్లవుతారు. కొత్త మందుల వల్ల సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తులను దెబ్బతీసే వంశపారంపర్య జబ్బు) ఉన్న పిల్లల ఆయుష్షు ఎంతగా పెరిగిందంటే, 2024 నుంచి ఆ జబ్బు ఉన్నంత మాత్రాన నేరుగా అర్హత ఇవ్వడం ఆపేశారు. ఇంతకంటే మంచి కబురు ఏముంటుంది? అడగడం ఆలస్యమైతే జరిగే నష్టం మాత్రం పెద్దది. ఫ్లారిడాలో ఇలాంటి పిల్లల కుటుంబాలకు ఉచిత బస ఇచ్చే గివ్ కిడ్స్ ది వరల్డ్ విలేజ్ 1986లో మొదలైంది అందుకే. కోరిన ప్రయాణానికి ఏర్పాట్లు పూర్తయ్యేలోపు ఒక పాప చనిపోయింది. హోటళ్ల యజమాని హెన్రీ లాండ్‌వర్త్ అది తట్టుకోలేక ఈ విలేజ్ మొదలుపెట్టాడు.

ఇక నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టే విషయానికొస్తాను. వైద్య పత్రిక లాన్సెట్ పాలియేటివ్ కేర్ మీద వేసిన కమిషన్ 2017 నివేదిక ప్రకారం ఏటా దాదాపు 25 లక్షల మంది పిల్లలు తీవ్రమైన బాధతో చనిపోతున్నారు. వాళ్లలో 98 శాతానికి పైగా అభివృద్ధి చెందుతున్న దేశాల పిల్లలే. అత్యంత పేద దేశాల్లో 15 ఏళ్లలోపు పిల్లలందరి నొప్పి తగ్గించడానికి సరిపడా మార్ఫిన్‌కు ఏడాదికి సుమారు 10 లక్షల డాలర్లు చాలని ఆ నివేదికే చెప్పింది. సరైన ధర, సరైన సరఫరా ఉంటేనే అనుకోండి. అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. నొప్పితో మెలికలు తిరిగే పిల్లను నీ కోరికేమిటని అడిగితే ఆ పిల్ల ఏం చెబుతుంది? సింగర్ ప్రశ్న కంటే నాకు ఇది పెద్ద ప్రశ్న. ఉపశమనం అనే ఒకే ఇంట్లో నొప్పి మందుకు ముందు చోటు దక్కాలి.

అందుకే మన సంఘం విరాళాల్లో ఈ పనికి వాటా పెట్టాలన్న ప్రతిపాదన వస్తే నేను చెయ్యెత్తుతాను, కానీ ఆ వాటా రెండుగా చీలాలి. మొదటిది, పెద్దది, పిల్లల పాలియేటివ్ కేర్‌కు. రెండోది కోరికలకు. కోరిక ఏమిటో దాతలు, కమిటీ, చివరికి అమ్మానాన్నలు కూడా చెప్పకూడదు. ఖరీదైన విమాన ప్రయాణం అడిగిన పిల్లకూ, గదికి తలుపు అడిగిన పిల్లకూ ఒకే మర్యాద దక్కాలి. ఆ ఇంట్లో ఉన్న అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లను కూడా ఆ సంబరంలో కలపాలి. ఈ నెలలన్నీ వాళ్లనూ ఎవరూ పట్టించుకుని ఉండరు. పిల్లల్ని స్టేజీ ఎక్కించి శాలువా కప్పడం, బ్యానర్ ముందు నిలబెట్టి ఫొటో తీయడం, మన పత్రికలో వేయడం అసలు వద్దు. డబ్బిచ్చాం కాబట్టి చూపించమనే హక్కు మనకు రాదు. ఆ పిల్ల తనంతట తాను ఫొటో దిగుతానంటే, అది ఎవరికి చూపించాలో కూడా ఆ పిల్లే చెప్పాలి.