ట్రైలర్ ఇళ్లకు కొత్త ముఖాలు తొడిగే షో వారికి

మహారాజశ్రీ పాత ట్రైలర్ ఇళ్ల మరమ్మతు రియాలిటీ షో వారి దివ్య సముఖానికి,

అమెరికాలో ఉంటున్న ఒక తెలుగు ప్రేక్షకురాలు రాసుకున్న విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగనక్కర్లేదు. మీరు ఒక ఛానెల్లో ఆగిపోతే ఇంకో ఛానెల్లో, ఇంకో పేరుతో, ఇంకో గడ్డపాయనతో ప్రత్యక్షమవుతారు. అందుకే పేరు పెట్టి పిలవడం లేదు. ఏ పేరుతో వచ్చినా సరంజామా అదే కదా: నడుము వంగిన ఒక మొబైల్ హోమ్ (ఫ్యాక్టరీలో చేసి చక్రాల మీద లాక్కొచ్చి నిలబెట్టే ఇల్లు), దాని ముందు ఏదో తప్పు చేసినట్టు నిలబడ్డ ఒక కుటుంబం, పికప్ ట్రక్కులోంచి దూకే బృందం, ఆ బృంద నాయకుడి భుజాన సమ్మెట.

సమ్మెటతోనే మొదలుపెడతాను. ప్రతి భాగంలోనూ వంటింటి అల్మరాను మీరు సమ్మెటతో బద్దలు కొడతారు. నాలుగు స్క్రూలు విప్పితే ఆ అల్మరా చేతిలోకి వచ్చేస్తుంది. ఆ సంగతి మీకు తెలుసు, మీ వడ్రంగికి తెలుసు, ఇంటాయనకు మరీ బాగా తెలుసు, దాన్ని అక్కడ బిగించింది ఆయనే కాబట్టి. కానీ స్క్రూడ్రైవరుకు కేకలూ చప్పట్లూ రావు. బాగున్న చెక్కను బద్దలు కొట్టి చెత్తబుట్టలో పోసి, "చూశారా, ఎంత పాడైపోయిందో!" అనడంలో మీకున్న నేర్పు మునిసిపాలిటీల పొక్లెయిన్లకు కూడా లేదు.

తర్వాత కప్పు మీద టైర్లు. అవి కనపడగానే మీ నేపథ్య సంగీతం వెక్కిరింపులోకి దిగుతుంది. కెమెరా ఒక్కొక్క టైరునూ దగ్గరగా చూపిస్తుంది, అక్కడికి ఆ ఇంట్లోవాళ్లు అలంకారానికి పెట్టుకున్నట్టు. ఇలాంటి పాత ఇళ్లకు పల్చటి రేకు కప్పు ఉంటుంది. గాలి వీస్తే అది పైకి లేచి కింద పడుతూ రాత్రంతా డబడబమంటుంది. మర్నాడు ఆరు గంటలకు షిఫ్టుకు వెళ్లాల్సిన మనిషి దాని మీద నాలుగు పాత టైర్లు వేసి నిద్రపోయాడు. మీరు ఆ టైర్లను కిందికి విసిరేసి, కప్పు మీద రబ్బరు పొర పరుస్తారు. రబ్బరు తీసి రబ్బరు వేసిన ఈ ఘట్టానికి మాత్రం సంగీతం వీరోచితంగా ఉంటుంది.

స్నానాల గది దగ్గర మీరు పడే ఆశ్చర్యం కూడా నాకు ఇష్టమే. మామూలు దుకాణాల్లో దొరికే తొట్టి 60 అంగుళాల పొడవు. ఈ ఇళ్లలో ఎక్కువగా ఉండేది 54 అంగుళాలది. తలుపులూ అంతే, వాటి కొలతలే వేరు. పాత మొబైల్ హోమ్‌లో ఉండే ఎవరినైనా అడగండి, నిద్రలో లేపినా చెబుతారు. మీరు మాత్రం ప్రతి భాగంలోనూ 60 అంగుళాల తొట్టి తెచ్చి, గుమ్మం దగ్గర ఇరుక్కుని, తలలు పట్టుకుని, ప్రకటనల విరామానికి వెళతారు. ఇన్ని ఇళ్లు బాగుచేసిన మీ బృందంలో ఒక్కరి దగ్గరా కొలత టేపు లేదా?

వంటింటి గట్టు మీద మీరు పరిచే గ్రానైటు బండ సంగతి చెప్పకపోతే పాపం. ఆ ఇళ్లలో చాలావాటికి నేల చెక్కపొట్టు అదిమి చేసిన పలక. తడి తగిలితే ఉబ్బుతుంది, ఉబ్బితే మెత్తబడుతుంది. దాని కింద 1978 తర్వాత కట్టిన ఇళ్లయితే పాలీబ్యూటిలీన్ అనే బూడిదరంగు ప్లాస్టిక్ గొట్టాలు ఉండవచ్చు. నీళ్లలో కలిపే క్లోరినుకే పెళుసెక్కి పగిలిపోతున్నాయని దావాలు పడి, 1990ల నడిమికి వాటిని మానేశారు. పైన మీరు ఎత్తే బండ ఖరీదుతో ఆ గొట్టాలన్నీ మార్చేయవచ్చు. కానీ గొట్టం మార్చితే కన్నీళ్లు పెట్టుకునేవాళ్లుండరు. గ్రానైటును నిమిరి ఏడవవచ్చు.

డబుల్ వైడ్ ఇళ్ల దగ్గర ఇంకాస్త భయం. ఫ్యాక్టరీలో రెండు సగాలుగా చేసి, రెండు లారీలతో లాక్కొచ్చి, మధ్యలో కలిపి బిగించే ఇళ్లివి. ఆ కలిసే చోటును ఇక్కడి పనివాళ్లు పెళ్లి గీత అంటారు. కప్పు నడిమి దూలం బరువు మోసేది అక్కడి గోడే. "విశాలంగా ఉండాలి" అంటూ మీ నాయకుడు దాని వైపు నడిచినప్పుడల్లా ఆ సంసారం మీద నాకు బెంగ పుడుతుంది.

ఇవన్నీ చిన్న పితూరీలు. అసలు విన్నపానికి కారణం మా అత్తగారు. ఆరు నెలల వీసా మీద తెనాలి నుంచి వచ్చారు. మధ్యాహ్నాలు ఆవిడకు తోడు మీరే. ఇంగ్లీషు పెద్దగా రాకపోయినా మీ షోకు భాషతో పనిలేదు. బద్దలు కొట్టడం, ఏడవడం, కౌగిలించుకోవడం అన్ని భాషల్లోనూ ఒకటే. ఒక రోజు చివరి ఘట్టంలో ఇంటావిడ కొత్త వంటింట్లో నిలబడి ఏడుస్తుంటే ఆవిడ కూడా కొంగుతో కళ్లు తుడుచుకుని, నన్ను పిలిచి అడిగారు: "అమ్మాయ్, ఇల్లు బాగుంది కానీ, స్థలం ఎవరిది? పట్టా ఎవరి పేరున ఉంది?"

తెనాలి నుంచి వచ్చిన పెద్దావిడకు మొదటి గంటలో తట్టిన ఈ ప్రశ్న, మీకు ఇన్ని సీజన్లలో తట్టలేదు. లేదా తట్టింది, ఎడిటింగు బల్ల మీద రాలిపోయింది.

ఆవిడకు చెప్పాల్సింది నాకు పడింది కనుక చెప్పాను. మీకూ చెబుతాను. ఈ దేశంలో రెండు కోట్ల మంది దాకా ఇలాంటి ఫ్యాక్టరీ ఇళ్లలో ఉంటారు. ఇలాంటి ఇళ్లను వరసగా నిలబెట్టే స్థలాన్ని ఇక్కడ పార్కు అంటారు. వాళ్లలో చాలామందికి ఇల్లు సొంతం, కింద ఉన్న నేల పార్కు యజమానిది. దానికి నెలనెలా స్థలం అద్దె. సొంత స్థలం లేనివాళ్ల ఇంటిని చాలా రాష్ట్రాల్లో స్థిరాస్తిగా కాక కారులాగా చరాస్తిగా నమోదు చేస్తారు. అప్పు కూడా ఆ లెక్కనే, మామూలు ఇంటి రుణం కంటే ఎక్కువ వడ్డీకి దొరుకుతుంది. అద్దె పెంచితే ఇల్లు ఎత్తుకుని వెళ్లిపోవచ్చు కదా అంటారేమో. చక్రాల మీద వచ్చినంత మాత్రాన మళ్లీ చక్రాలెక్కేది తక్కువ. విడదీసి, లాగి, ఇంకో చోట నిలబెట్టడానికి వేల డాలర్లవుతుంది. పాత ఇల్లయితే దారిలోనే విరగవచ్చు. విరగకపోయినా, 1976 జూన్ 15న కేంద్ర ప్రభుత్వ ప్రమాణాలు అమలులోకి రాకముందు కట్టిన ఇళ్లను చాలా పార్కులు గేటులోకి రానివ్వవు. లోపల మీరు గ్రానైటు వేశారని చెప్పుకున్నా రానివ్వవు.

అంతా విని మా అత్తగారు "అయితే ఇది బాగుచేసింది ఎవరి కోసం?" అన్నారు. టీవీ కట్టేయమన్నారు కూడా. తర్వాత ఆవిడే పెట్టుకున్నారనుకోండి, అది వేరు.

ఇందులో డబ్బు లేదనుకోకండి. వారెన్ బఫెట్ గారి బెర్క్‌షైర్ హాథవే 2003లోనే ఈ ఇళ్లు కట్టే క్లేటన్ హోమ్స్‌ను కొనేసింది. పార్కుల మీదకు పెద్ద పెద్ద పెట్టుబడి సంస్థలు వచ్చి వాలాయి. కారణం తేలిక: ఇల్లు కదలదు, కాబట్టి మనిషీ కదలడు, కాబట్టి అద్దె ఎంత పెంచినా కడతాడు. ఫ్రాంక్ రోల్ఫ్ అనే పార్కుల వ్యాపారి, ఈ వ్యాపారం ఎలా చేయాలో ఇతరులకు పాఠాలు కూడా చెప్పే పెద్దమనిషి, దీన్ని ఖాతాదారులను కుర్చీలకు గొలుసులతో కట్టేసిన వాఫుల్ హౌస్ హోటల్‌తో పోల్చాడు. వ్యంగ్యం రాద్దామని కూర్చున్న నాకు అంతకంటే పదునైన మాట దొరకలేదు. ఆయన మాత్రం వ్యంగ్యంగా అనలేదు.

అలాంటి పార్కులో మీరొక ఇంటిని మెరిసిపోయేలా చేసి వెళతారు. మీరు వెళ్లిన మర్నాడు పార్కు ఆఫీసు వాళ్లకు ఏమనిపిస్తుందో ఊహించారా? "మన పార్కుకు మంచి రోజులొచ్చాయి, అద్దె సవరించాల్సిన సమయం" అని కాదా? పక్కింటి ముసలాయన ఇంట్లో మీరు అడుగు పెట్టలేదు, ఆయన కప్పు మీద టైర్లు అలాగే ఉన్నాయి. సవరించిన అద్దె కాగితం మాత్రం ఆయన తలుపుకూ అంటిస్తారు.

మీ పెద్దన్నయ్య ఉదాహరణ ఉండనే ఉంది. 2003 నుంచి 2012 దాకా ఏబీసీ ఛానెల్లో వచ్చిన ఎక్స్‌ట్రీమ్ మేకోవర్: హోమ్ ఎడిషన్. చివర్లో అందరూ గొంతెత్తి బస్సు పక్కకు తీయమని అరిచేవాళ్లు, బస్సు తప్పుకోగానే వెనక రాజభవనం. బస్సు వెళ్లిపోయాక పన్నులూ కరెంటు బిల్లులూ వచ్చేవి. కొన్ని కుటుంబాలు మోయలేకపోయాయి, కొన్ని ఇళ్లు అప్పుల కింద పోయాయి. ఆ భాగాలకు రెండో భాగం తీసినవాళ్లు లేరు.

ఇంకో విషయం. మీ కెమెరా నేల మీద వరకే వచ్చి ఆగిపోతుంది, ఇంటి కిందకు పాకదు. పాకితే తుప్పు పట్టిన ఇనుప పట్టీలు కనిపిస్తాయి. గాలికి ఇల్లు లేచిపోకుండా భూమిలో దిగేసిన కొక్కేలకు కట్టి ఉంచేవి అవే. 1992లో ఆండ్రూ తుపాను ఫ్లోరిడాలో ఈ ఇళ్లను ముక్కలు చేశాక 1994లో గాలి తట్టుకునే ప్రమాణాలు కఠినం చేశారు. అంతకు ముందు కట్టినవి ఆ పాత పట్టీలనే నమ్ముకుని ఉన్నాయి. ఇళ్లలో ఉండగా టోర్నడోకు చనిపోయేవాళ్లలో సగానికి పైగా ఇలాంటి ఇళ్లవాళ్లేనని ఈ దేశపు వాతావరణ శాఖ లెక్కలు. ఓక్లహోమాలోనో అలబామాలోనో మీరు ఒక గోడకు మూడు రకాల తెలుపు రంగులు పట్టుకుని ఏది నప్పుతుందో అని అరగంట చూపిస్తారు. ఆ అరగంటలో కింద దూరి నాలుగు పట్టీలు బిగించవచ్చు. మీ గడ్డపాయన చొక్కాకు మట్టి అంటుతుంది, నిజమే. ఇప్పుడు మేకప్ వాళ్లు పూస్తున్న మట్టి ఖర్చయినా మిగులుతుంది.

నిందలే రాశానని అనుకోకండి. మీకొక భాగం కూడా సిద్ధం చేసి పంపుతున్నాను, ఉచితంగా. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని మెరెడిత్‌లో 1984లో ఒక పార్కు అమ్మకానికి వస్తే, అందులో ఉన్నవాళ్లే సహకార సంఘంగా ఏర్పడి, అప్పు తెచ్చుకుని, తమ ఇళ్ల కింది నేలను తామే కొనేశారు. అది పాకింది. 2008 నుంచి ఆర్ఓసీ యూఎస్ఏ అనే సంస్థ ఈ పనికి సాయపడుతోంది. ఇప్పుడు దాని గూటిలో 300 పైచిలుకు పార్కులున్నాయి. అద్దె ఎంతో నిర్ణయించేది అందులో ఉండేవాళ్ల ఓటు. రోడ్డుకు గుంట పడితే, తమ డబ్బుతో తామే పూడ్చుకోవాలి కనుక తిట్టుకునేదీ తమనే.

ఇందులో మీకు కావలసినవన్నీ ఉన్నాయి. గడువు ఉంది: పార్కును వేరేవాళ్లు కొనుక్కుపోయేలోగా అప్పు తెచ్చుకోవాలి. తగవులు ఉన్నాయి: ఒకాయన ఏమి చెప్పినా ససేమిరా అంటాడు, ఒకావిడ కుక్కల నిబంధన గురించి తప్ప వేరే మాట్లాడదు. కన్నీళ్లు కూడా ఉంటాయి, రిజిస్ట్రారు ముందు సంతకం పెట్టేటప్పుడు. లేనిదల్లా సమ్మెట. అది లేకుండా మీకు చేయి ఆడదని తెలుసు కాబట్టి దానికీ ఆలోచించాను: ఓట్ల లెక్క తేలగానే సభాధ్యక్షుడు బల్ల మీద కొట్టడానికి చిన్న కొయ్య సుత్తి ఒకటి ఇప్పించండి. మూడు కోణాల నుంచి చిత్రీకరించుకోండి.

రెండు షరతులు. ఆ భాగంలో ఎవరి కప్పు మీదా టైర్లు తీయకూడదు. ప్రసారం మధ్యాహ్నం పూట, మా అత్తగారు తిరుగు విమానం ఎక్కేలోపు జరగాలి. ఆవిడ టికెట్టు మార్చడానికి విమాన సంస్థ అడిగే రుసుము మీ గ్రానైటు కంటే ఎక్కువ.

ఇట్లు,
రిమోటు దొరకనప్పుడల్లా మిమ్మల్నే చూసే
ఒక ప్రేక్షకురాలు