అజిత్రోమైసిన్ గారికి ఒక కోడలి ఫిర్యాదు

మహారాజశ్రీ అజిత్రోమైసిన్ 500 గారి సముఖమునకు,

చెన్నై చూలైమేడు నుంచి ఒక కోడలు నమస్కరించి రాయునది. తమరు మూడు మాత్రల స్ట్రిప్పులో, వెండిరేకు కప్పుకొని, మందుల షాపులో చేతికందే వరసలోనే క్షేమంగా ఉన్నారని తెలుసు. ఇక్కడ మేము దగ్గుతున్నాం.

నిన్న మా మామగారు నెల్లూరుకు ఫోను చేసి తమ్ముడికి తమరి మహిమ వినిపించారు. "మూడంటే మూడు మాత్రలురా, చేత్తో తీసేసినట్టు పోయింది." తరువాత ఒంగోలుకు చేశారు. ఆపైన గూడూరుకు. ఊరు మారినకొద్దీ మహిమ పెరిగింది. గూడూరు చేరేసరికి మొదటి మాత్రకే జ్వరం పారిపోయింది. ఆయన డెబ్భై దాటినవారు, షుగరు ఉన్నవారు. కోలుకున్నందుకు సంతోషమే. ఆ ఘనతంతా తమరి ఖాతాలో పడుతుంటే మాత్రం పక్క గదిలో నాకు ఒళ్లు మండింది.

ఎందుకంటే ఆయనకు వచ్చింది ఫ్లూ. ఇది నా ఊహ కాదు, ముక్కులోంచి నమూనా తీయించాక తేలిన సంగతి. తమరేమో యాంటీబయాటిక్, అంటే బ్యాక్టీరియాల పని పట్టేవారు. వాటిలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములకు అతుక్కుని ఆ పనిని ఆపేస్తారు. ఆ విద్యలో తమరిని తక్కువ చేయను. కానీ ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌కు సొంత రైబోజోములే లేవు. అది మన శ్వాసనాళాల కణాల్లోకి దూరి, మన రైబోజోములతోనే తన పని చేయించుకుంటుంది. మరి ఆ మూడు రోజులూ మా మామగారి ఒంట్లో తమరు దేనికి అతుక్కున్నారో తెలుపగలరు. పేగుల్లోని మంచి బ్యాక్టీరియాకు అయి ఉంటుంది. ఆ విరేచనాల ఘనతను మాత్రం ఆయన ఒంగోలుకు చెప్పలేదు.

ఫ్లూ జ్వరం చాలామందిలో మూడు నాలుగు రోజుల్లో దానంతట అదే దిగుతుంది, దగ్గు మాత్రం వారాల తరబడి వేలాడుతుంది. తమరి కోర్సు ఎన్నాళ్లు? సరిగ్గా మూడు రోజులు. ఎంత చక్కని ముహూర్తం! లోపల రక్షక కణాలు రాత్రింబవళ్లు పోరాడి గెలిచే వేళకు తమరి చివరి మాత్ర గొంతు దిగుతుంది. సొమ్మొకడిది, సోకొకడిది. ఆ పేరు పారాసిటమాల్‌కు వచ్చినా ఒప్పుకుందును, పాపం అది వేడినైనా దించింది. మిరియాల చారుకు వచ్చినా బాధ లేదు. ఎదురింటి మామి పంపిన నిలవేంబు అనే చేదు కషాయానికైతే, తాగినాయనకే పతకం ఇవ్వాలి.

పోనీ, పేరే కదా అని ఊరుకోవచ్చు. ఆ పేరు ఏం చేసిందో వినండి. జ్వరం తగిలిన సాయంత్రమే మా బావగారు డాక్టరు చీటీ లేకుండా తమరిని ఇంటికి తెచ్చారు. కోర్సు మొదలైంది కదా అని ఇల్లంతా నిశ్చింత. ఓసెల్టామివిర్ అని ఒక మందుంది. వైరస్ ఒక కణం నుంచి బయటపడి మరో కణానికి పాకకుండా అడ్డుకుంటుంది. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేస్తే దాని మేలు ఎక్కువ. పెద్దవయసు వారికి, షుగరు, ఆస్తమా ఉన్నవారికి, గర్భిణులకు ఫ్లూ అనిపిస్తే డాక్టర్లు ఆలోచించేది దాని గురించే. ఆ 48 గంటలూ తమరే ఆరగించారు. నేను పట్టుబట్టి క్లినిక్కుకు తీసుకెళ్లి, మధ్యాహ్నమంతా టోకెను పట్టుకుని కూర్చుంటే, డాక్టరు గారు మొదట అడిగింది జ్వరం ఎప్పుడు మొదలైందని. జవాబు విని పెన్ను కింద పెట్టారు. ఊపిరి బాగుంది, జ్వరం దిగుతోంది, ఇప్పుడిక అవసరం లేదు, మొదటి రోజే రావలసింది అన్నారు.

ఇంకో ముచ్చట. రెండో రోజు మామగారు వడపళనిలో నిశ్చితార్థానికి వెళ్లొచ్చారు. వద్దంటే, "మాత్ర వేసుకున్నానుగా" అన్నారు. ఫ్లూ లక్షణాలు బయటపడడానికి ఒక రోజు ముందు నుంచే అంటుకుంటుంది, మొదటి మూడు నాలుగు రోజులు దాని జోరు మరీ ఎక్కువ. తాంబూలంతో పాటు పెళ్లివారింటికి ఇంకేం ముట్టిందో ఈ వారంలో తెలుస్తుంది.

ఈశాన్య రుతుపవనాలతో పాటే చెన్నైలో ఫ్లూ ఊపందుకుంటుంది, వానలకు ముందే టీకా వేయిద్దాం అని నేనంటే, ఏటేటా ఎందుకమ్మా అన్నారు. వైరస్ ఏటేటా వేషం మారుస్తుంది కనుక! టీకాలో ఏ రకాలు ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు తేల్చి చెబుతుంది. నిన్ను మింగేటప్పుడు మాత్రం ఏటేటా ఎందుకని ఎవరూ అడగరు. తుమ్మినప్పుడల్లా మింగుతారు.

నీ స్ట్రిప్పు వీపున ఆ ఎర్ర గీత అలంకారానికి గీశారనుకున్నావా? చీటీ లేకుండా ఈ మందు వాడవద్దని 2016లో కేంద్ర ప్రభుత్వం ఆ గీత మీదే ప్రచారం చేసింది. అంతకుముందే, 2012లో, దేశంలోని వైద్య సంఘాలు ఇదే ఊళ్లో కూర్చుని, యాంటీబయాటిక్‌లకు లొంగని క్రిముల మీద చెన్నై డిక్లరేషన్ రాసుకున్నాయి. 2023 మార్చిలో హెచ్3ఎన్2 అనే రకం ఫ్లూ జ్వరాలు ముదిరినప్పుడు ఇండియన్ మెడికల్ అసోసియేషన్ నీ పేరు పెట్టి మరీ చెప్పింది, ఈ జ్వరాలకు ఇవ్వవద్దని. ఇంత జరిగినా మా వీధి చివర షాపులో, "జ్వరమా? గొంతు నొప్పి ఉందా?" అనే రెండు ప్రశ్నలతో నువ్వు కౌంటరు మీదికి వచ్చేస్తావు.

ఈ భ్రమ నీతో మొదలు కాలేదులే. 1892లో రిచర్డ్ ఫైఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఫ్లూ రోగుల కఫంలో ఒక బ్యాక్టీరియాను చూసి, రోగానికి కారణం ఇదేనన్నాడు. 1918లో మన దేశంలోనే కోటి మందికి పైగా చనిపోతున్నప్పుడు కూడా చాలామంది వైద్యులు దాన్నే వెతికారు. 1933లో లండన్‌లో స్మిత్, ఆండ్రూస్, లెయిడ్‌లా అసలు వైరస్‌ను పట్టుకున్నారు. తొంభై ఏళ్లు దాటినా ఆ కబురు మా బావగారికి అందలేదు.

నిజం చెప్పాలంటే, నువ్వంటే నాకు పగ లేదు. టైఫాయిడ్ వస్తే నిన్నే తలుచుకోవాలి. ఫ్లూ తగ్గుతూ తగ్గుతూ మళ్లీ జ్వరం తిరగబెట్టి, బ్యాక్టీరియా న్యుమోనియాగా మారితే నీ జాతివాళ్లే కాపాడాలి. నీకు లొంగని టైఫాయిడ్ క్రిములు బంగ్లాదేశ్‌లో, పాకిస్తాన్‌లో ఇప్పటికే బయటపడ్డాయి. అందుకే ఈ మంట. అవసరమైన రోజుకు నువ్వు మిగలాలి, ఇలా జలుబుకూ దగ్గుకూ అరిగిపోకూడదు.

ఇంకా రాసేదాన్నే. లోపల మా అత్తగారు వరసగా తుమ్ముతున్నారు, బావగారు చెప్పులు వెతుక్కుంటున్నారు. నేను వెళ్లి వీధి తలుపుకు తాళం వేయాలి.

ఇట్లు,
చూలైమేడు కోడలు